మా డబ్లిన్‌లో సినిమా

డబ్లిన్ అంటే ఐర్లండా అని మా ఊళ్ళో ఇప్పటికీ అడుగుతారు. కాదండీ, కాలిఫోర్నియా. 580, 680 ఫ్రీవేలు కలిసే చోట, బార్ట్ రైలు చివరి స్టేషను మాదే. ఆ దగ్గర్లోనే హసియెండా క్రాసింగ్స్‌లో రీగల్ థియేటర్, ఐమాక్స్‌తో సహా. పెద్ద తెలుగు సినిమా ప్రీమియర్ రోజున పార్కింగ్ లాట్‌కి వెళ్తే అమీర్‌పేట గుర్తొస్తుంది. ఆరు నెలలుగా కనపడని వాళ్ళందరూ అక్కడే కనపడతారు.

2022 మార్చిలో ఆర్ఆర్ఆర్ చూశాం. మూడు గంటల సినిమా. ఇంటర్వల్ అని తెర మీద పడుతుంది, పడ్డంత సేపు కూడా ఆగదు. మిరపకాయ బజ్జీ లేదు, బాత్రూంకి పరుగెత్తే వీలూ లేదు! జంతువులు లారీలోంచి దూకినప్పుడు నేనూ అరిచాను, దాచుకోను. కల్కి మాత్రం మొదటి గంట నాకు కూర్చోబుద్ధి కాలేదు. అశ్వత్థామగా అమితాబ్ వచ్చాకే టికెట్ డబ్బులు గిట్టాయి అనిపించింది. మా అమ్మాయికి అంతా నచ్చింది. పదమూడేళ్ళ పిల్లతో వాదనెందుకు?

అసలు చెప్పాలనుకున్నది 'బలగం' గురించి. 2023 మార్చిలో వచ్చింది. స్టార్లు లేరు, హాల్లో పాతిక మందిమి కూడా లేం. ప్రియదర్శి కామెడీ ఉంటుందిలే అనుకుని వెళ్ళాను.

కొమురయ్య తాత పోతాడు. మూడో రోజు పెట్టిన ముద్దని కాకి ముట్టదు, ఐదో రోజూ ముట్టదు. ఇంట్లో గొడవలు మొదలవుతాయి. మా వేములవాడ వైపు దీన్నే పిట్టకు పెట్టుడు అంటాం.

2021 మేలో మా నాన్న పోయారు. అప్పుడు ఇండియా నుంచి రాకపోకల మీద ఆంక్షలు, వీసా స్టాంపింగ్ లేదు. వెళ్తే తిరిగి పిల్ల దగ్గరికి ఎప్పుడొస్తానో తెలియదు. వెళ్ళలేదు. పదకొండో రోజు తమ్ముడు వాట్సాప్‌లో చూపించాడు. ఇక్కడ రాత్రి పది. విస్తరి కనపడింది, మామిడి చెట్టు కనపడింది, అంతలో వీడియో ఆగిపోయింది. కాకి వచ్చిందా అని తర్వాత అడిగితే వచ్చిందక్కా అన్నాడు. నా కోసం అన్నాడేమోనని రెండేళ్ళు అనుమానం.

సినిమా చివర్లో బుడగ జంగాల కళాకారులు మొగిలయ్య, కొమురమ్మ పాట మొదలుపెట్టగానే నాకు ఆగలేదు. పక్క వరసలో ఒకావిడ, పరిచయం లేదు, పాప్‌కార్న్‌తో ఇచ్చిన న్యాప్‌కిన్లన్నీ నా ఒళ్ళో పెట్టి "ఎవరు?" అంది. "నాన్న" అన్నాను. ఆవిడకి అత్తగారట. లైట్లు వేసినా ఇద్దరం లేవలేదు, ఊడ్చే అబ్బాయి వచ్చేదాకా.

సినిమాగా చూస్తే లోపాలున్నాయి. తాగుడు సీన్లు కాస్త ఎక్కువ, మధ్యలో పెళ్ళి గోల సాగింది. అయినా వేణు యెల్దండికి నేను ఋణపడ్డాను.

కార్లో కూర్చుని అమ్మకి ఫోన్ చేశాను. ఆ రోజు నిజంగా కాకి వచ్చిందా అని అడిగాను.

"వచ్చింది బిడ్డా. రెండు వచ్చినయి."

మా చోట చిన్న సినిమాలు శుక్రవారం వస్తే సోమవారానికి ఉండవు. ఇప్పుడు శుక్రవారమే వెళ్తున్నాను.