అర్హతకు కొలబద్ద

ఒక క్యాన్సర్ ఆస్పత్రిలో ప్రశ్నలడగటం నా ఉద్యోగం. కొత్త చికిత్సను మనుషులపై పరీక్షించేటప్పుడు ఎవరిని చేర్చుకోవాలో, ఎవరిని వద్దనాలో తేల్చటానికి ఒక పట్టిక ఉంటుంది. నేను రోగులనడిగి ఆ పట్టికలో గళ్ళు నింపి డాక్టరుకిస్తాను. పట్టిక శుద్ధ శాస్త్రీయమనీ, దానికి వర్గమూ డబ్బూ అంటవనీ మావాళ్ళ నమ్మకం. చాలావరకు నిజమే. నా పేచీ మిగిలిన కొంచెంతోనే.

నేను చెప్పేది కార్-టి చికిత్స సంగతి. రోగి రక్తంలోంచి టి-కణాలనే తెల్లకణాలను తీసి, క్యాన్సర్ కణాన్ని గుర్తుపట్టే శక్తిని ప్రయోగశాలలో వాటికి కల్పించి, పెంచి, తిరిగి అదే మనిషికి ఎక్కిస్తారు. తయారీకి వారాలు పడుతుంది. ఎక్కించాక విపరీతమైన జ్వరం రావచ్చు, రక్తపోటు పడిపోవచ్చు, మతి తప్పవచ్చు. కనక గుండె, మూత్రపిండాలు తట్టుకుంటాయా, తీయటానికి చాలినన్ని కణాలున్నాయా అని చూడవలసిందే. చూడకపోతేనే అన్యాయం.

అయితే పట్టికలో ఈకాగ్ అంకె అని మరో గడి ఉన్నది. 1982లో ప్రచురించిన ఈ కొలబద్ద మనిషిని ముఖ్యంగా పనినిబట్టి కొలుస్తుంది. బరువుపని చెయ్యలేకపోయినా తేలికపని చెయ్యగలవారికి 1. తేలికపనికి అక్కడిచ్చిన ఉదాహరణలు చూడండి: ఇంట్లో చిన్న పనులు, ఆఫీసు పని. తమ ఒంటి అవసరాలు చూసుకోగలిగీ, ఏ పనీ చెయ్యలేనివారికి 2. నేను చెప్పబోయే ప్రయోగంలో 0, 1 వచ్చినవారికే ప్రవేశం.

గుమాస్తాకు జబ్బు చేస్తే కొన్నాళ్ళు ఆఫీసుకు వెళుతూనే ఉంటాడు, అతనికి 1 వస్తుంది. నాట్లువేసే మనిషికి పొలంలో తేలికపని ఎక్కడిది? లింఫోమా తిరగబెట్టి ఒకామె వచ్చింది. "పనికి వెళుతున్నారా?" అని నాకంటె ముందు ఒకతను అడిగాడు. మానేసి మూణ్ణెల్లయిందన్నది. 2 వేశాడు. పొద్దున లేచి ఏం చేస్తారమ్మా అని నేను అడిగాను. వంట చేస్తుందట, గేదెకు కుడితి పెడుతుందట, మనవడికి నీళ్ళు పోస్తుందట. "అయ్యి కూడా పనులేనా బాబూ?" అన్నది. కూలి వచ్చేదే పని అని ఆమెకు మనమే నేర్పాం గదా! డాక్టరు మళ్ళీ చూసి 1 వేశాడు.

బలంగా ఉన్నవారినే తీసుకోవటానికి, అంత గట్టిగా చెప్పని కారణం మరొకటి ఉన్నది. అలా చేస్తే ఫలితాలు శుభ్రంగా వస్తాయి. అమెరికాలో జూమా-1 ప్రయోగంలో 111 మంది చేరితే 101 మందికి కణాలు ఎక్కించారు. వారిలో 82 శాతం మందికి వ్యాధి లొంగిందని 2017లో ప్రకటించారు. అంతా 0, 1 వాళ్ళే. చికిత్సకు అనుమతి వచ్చాక అక్కడి ఆస్పత్రులు తమ రోగుల లెక్క 2020లో ప్రచురించాయి. కణాలు తీసిన 298 మందిలో 43 శాతం జూమా-1కు అనర్హులే. అయినా ఎక్కించినవారిలో 82 శాతం మందికి గుణం కనిపించింది! 2, ఆ పైన అంకె ఉన్నవారు తక్కువకాలం బతికారన్నమాట కూడా అందులోనే ఉన్నది, దాన్ని దాచకూడదు. గీతకు అర్థం లేదనను. అవతలివారికి ఆశ లేదని మాత్రం ఆ గీత రుజువు చెయ్యలేదు.

మనదేశంలో ఐఐటి బొంబాయి, టాటా మెమోరియల్ కృషితో తయారైన నెక్స్‌కార్19కు 2023 అక్టోబరులో అనుమతి వచ్చింది. అమెరికా ధరలో పదోవంతేనన్నారు. ఆ పదోవంతు కూడా లక్షలమీద లక్షలు! కూలివాడికి ప్రయోగం ఒక్కటే తలుపు, కనకనే ఆ తలుపుదగ్గర అడిగే ప్రశ్నకు అంత బరువు.

ఆమె సంగతి. కణాలు ఎక్కించాక నెల్లాళ్ళు ఆస్పత్రి దగ్గర్లో ఉండాలి, తోడుగా ఒక మనిషుండాలి. (అమెరికాలో ఈ నాలుగువారాల నియమాన్ని 2025 జూన్‌లో రెండువారాలకు తగ్గించారు.) కొడుకు మార్కెట్ యార్డులో హమాలీ. చికిత్స ఉచితం, బస్సు చార్జీలిస్తాం అన్నాం. నెల్లాళ్ళ కూలి మాటేమిటని అడిగాడు. అందుకు పద్దు లేదు. వాళ్ళు మళ్ళీ రాలేదు.

రిజిస్టరులో ఆమె పేరుకెదురుగా కారణం "రోగి ఇష్టపడలేదు" అని ఉన్నది. "తోడుండే మనిషికి కూలి లేదు" అని వేరే కారణం చేర్చమని రాసిచ్చాను. ఇంకా జవాబు రాలేదు.