తెలిసినది రాసి వెళ్లినవారు

ఉక్కు కర్మాగారానికి రాత్రి లేదు. భిలాయిలో ఒక షిఫ్టు వారు ఇంటిదారి పట్టే వేళకు మరొక షిఫ్టు వారు వచ్చి నిలుస్తారు. వెళ్లేవారు ఊరకే వెళ్లరు. ఆ పూట ఏ యంత్రం మొరాయించినదో, ఏమి చేస్తే దారికి వచ్చినదో లాగ్ బుక్కులో నాలుగు ముక్కలు రాసి మరీ వెళతారు. ఆ నాలుగు ముక్కలూ లేకపోతే వచ్చినవారు అదే చిక్కుతో మొదటి నుంచి కుస్తీ పట్టవలసినదే. కరిగిన ఇనుము చెంత ఆ జాప్యం ప్రాణాల మీదికి రావచ్చు.

అసలు ఆ ఉక్కునగరం వెలసినదే ఒకరికి తెలిసినది మరొకరికి చెప్పడం వలన. 1955 ఫిబ్రవరి 2న భారతదేశం, సోవియట్ యూనియన్ ఒప్పందం చేసుకొన్నాయి. అక్కడి ఇంజనీర్లు ఇక్కడికి వచ్చారు. ఇక్కడివారు అక్కడికి వెళ్లి పని నేర్చుకొన్నారు. ఇరువురి నడుమ భాష గోడవలె నిలిచినది. దుభాషీలు ఆ గోడకు తలుపు అమర్చారు. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. ఉద్యోగం వెతుక్కొంటూ ఆంధ్రదేశం నుంచి వెళ్లిన కుటుంబాలు ఎన్నో అక్కడి సెక్టర్లలో స్థిరపడ్డాయి. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, కాగితాల మీద ఇంగ్లీషు వారికి అలవాటయిపోయాయి.

తాతలు ఇనుము కరిగించిన ఇళ్లలో మనుమలు ప్రోగ్రాములు రాస్తున్న కాలమిది. 2016లో భిలాయి పేరిట ఐఐటీ కూడా ఏర్పడినది. ఈ కొత్త వృత్తిలో వేడి లేదు, పొగ లేదు; కాని ఒంటరితనం ఉన్నది. ఒక్క కామా జారిపోయినా ప్రోగ్రాము కదలదు. అర్ధరాత్రి ఆ తప్పును ఎవరిని అడగాలి? పక్కబల్ల మిత్రుడికి తెలియకపోతే లావుపాటి పుస్తకాలు తిరగవేయాలి. ఇంటర్నెట్టు వచ్చిన తరువాత కూడా కొన్ని చోట్ల సమాధానాన్ని తెరచాటున ఉంచి రుసుము అడిగేవారు.

2008 సెప్టెంబరులో జెఫ్ ఎట్‌వుడ్, జోయెల్ స్పోల్‌స్కీ అనే ఇద్దరు ప్రోగ్రామర్లు ఆ తెరను తొలగించే ప్రయత్నం చేశారు. వారు నెలకొల్పిన ప్రశ్నోత్తర వేదిక పేరు స్టాక్ ఓవర్‌ఫ్లో. కంప్యూటరు తాను చేయవలసిన పనులను దొంతరగా పేర్చుకొంటుంది. దొంతర హద్దు మీరితే పొర్లిపోతుంది, ప్రోగ్రాము కూలిపోతుంది. ఆ తప్పు పేరునే పాఠకులు ఓటు వేసి ఆ వేదికకు పెట్టారు. తప్పు చేయని ప్రోగ్రామరు లేడు కనుక అంతకంటె తగిన పేరు దొరకదు.

అక్కడ ప్రశ్నకు రుసుము లేదు, జవాబుకు జీతం లేదు. మంచి జవాబుకు చదువరులు ఓటు వేస్తే అది పైకి వస్తుంది. పనికిరానిది అడుగుకు దిగుతుంది. చెప్పినవారికి దక్కేవి కొన్ని పరపతి పాయింట్లు మాత్రమే. కాని అసలు లాభం వేరు. ఒకరి కొరకు రాసిన జవాబు, ఎన్నడూ ముఖం చూడని వేలమందికి ఏళ్ల తరబడి పనికివచ్చినది.

మచ్చ లేదని కాదు. కొత్తవారిని కసురుకొనే అలవాటు అక్కడ పాతుకొన్నది. తమ ముంగిట అందరికీ ఆదరణ దొరకడం లేదని 2018లో ఆ సంస్థే ఒప్పుకొన్నది. 2021లో దానిని ప్రోసస్ అనే కంపెనీ 180 కోట్ల డాలర్లకు కొనడానికి ఒప్పందం చేసుకొన్నది. ఆ విలువను సృష్టించినవారిలో అత్యధికులు ఒక్క రూపాయి ఆశించక రాసినవారే.

2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చినది. అడిగిన క్షణంలో జవాబు చెబుతుంది, విసుక్కోదు. నిజం వలె కనబడే తప్పులు అందులో ఎక్కువని ఆ మరుసటి నెలలోనే స్టాక్ ఓవర్‌ఫ్లో అటువంటి జవాబులను నిషేధించినది. అయినా జనం అటే మళ్లారు. వేదిక మీద ప్రశ్నలు బాగా తగ్గిపోయాయి. ఇటువంటి యంత్రాలు నేర్చుకొన్నది మనుషులు బహిరంగంగా రాసిపెట్టిన వాటి నుంచే కదా! ప్రతివాడూ గది తలుపు వేసుకొని యంత్రంతో గుసగుసలాడితే రేపటి కొత్త చిక్కుకు విరుగుడు ఎక్కడ నమోదవుతుంది? చెరువు నిండుగా ఉన్నదని కట్ట సంగతి మరచిన ఊరికి, నీరు ఇంకిపోయిన తరువాత గాని తెలివి రాదు.

భాష గోడ కూడా ఇంకా నిలిచే ఉన్నది. పోర్చుగీసు, జపనీసు, స్పానిషు భాషలలో స్టాక్ ఓవర్‌ఫ్లోకు వేరు వేదికలు వచ్చాయి. భిలాయికి విద్య నేర్పిన రష్యను భాషకూ 2015లో ఒకటి వచ్చినది. కోట్లమంది మాట్లాడే తెలుగుకు రాలేదు. అడగడానికి ముందు మరొక భాష నేర్చుకోవలసిన పిల్లవాడు చాలాసార్లు ప్రశ్ననే మింగివేస్తాడు. ఆనాడు దుభాషీలు అమర్చిన తలుపు వంటిది అతనికీ కావాలి. దానిని తెరవడానికి పెద్ద సంస్థ పుట్టేదాకా ఆగనక్కరలేదు. ఈ పూట ఒక చిక్కును విప్పినవారు, విప్పిన తీరును పదిమందికీ కనబడే చోట, తమ భాషలో నాలుగు వాక్యాలు రాస్తే పని మొదలయినట్లే.