పొయ్యే తొవ్వ, వచ్చే తొవ్వ

రోబోల ఫొటోలు నాలుగు పట్టుకురమ్మని మా ఎడిటర్ పంపారు. హైదరాబాద్ శివార్లలో ఒక ఇంజినీరింగ్ కాలేజీ. అద్దాల బీరువాలో షీల్డులు, త్రీడీ ప్రింటరు, స్పాన్సర్ల బ్యానర్లు అన్నీ చూపించారు. నా కాళ్లు మాత్రం వర్క్‌షాపులో ఒక కుర్రాడి కేక దగ్గర ఆగిపోయాయి: "అన్నా, బ్యాటరీ దండగది. మార్చేద్దాం!"

రోబో వార్ కోసం కట్టిన బండి. ఎదుటి బండిని నెట్టబోయేసరికి కంట్రోలర్ ఆరిపోయి మళ్లీ వెలుగుతోంది.

అన్న అంటే ల్యాబ్ టెక్నీషియన్. ఒకప్పుడు లారీలకు ఎలక్ట్రికల్ పని చేసిన మనిషి. బ్యాటరీ జోలికి పోకుండా కుర్రాడి నోటుబుక్కు అడిగాడు. ముత్యాల్లాంటి అక్షరాలు. మోటార్లు రెండూ బిగుసుకుంటే 120 ఆంపియర్లు. రెండున్నర స్క్వేర్ వైరు మీటరుకు 8 మిల్లీ ఓములు, పొడవు మీటరున్నర, పడిపోయేది 1.44 వోల్టులు. బ్యాటరీ లోపలి 15 మిల్లీ ఓములు మరో 1.8 తింటాయి. 12.6లో అవి పోగా 9.36. కంట్రోలర్‌కు 7 చాలు.

"పొయ్యే తొవ్వ లెక్కేసినవ్. కరెంటు మళ్ల వచ్చే తొవ్వ ఎవరు లెక్కేస్తరు?"

నిజమే, నల్ల వైరూ మీటరున్నరే. 1.44 కాస్తా 2.88 అయింది, మిగిలింది 7.92. అప్పటికీ ఆరిపోకూడదు కదా అని కుర్రాడు పట్టుబట్టాడు. నాకూ అదే అనుమానం. అన్న మల్టీమీటరు మొన ఒకటి బ్యాటరీ బోల్టు మీద, ఇంకోటి వైరు కొసకు నొక్కిన లగ్గు దాటాక రాగి మీద ఆనించి, బండిని క్షణంపాటు గోడకేసి నెట్టించాడు. 1.2 వోల్టులు! అంగుళం లేని అతుకులో. ఇక కంట్రోలర్‌కు దక్కేది 6.72. పది మిల్లీ ఓముల ఈ దొంగ మామూలు మీటరు ఓముల స్కేలుకు చిక్కడు. కరెంటు పారుతుండగానే పట్టుకోవాలి.

లగ్గును కటింగ్ ప్లేయరుతో నొక్కేశారు మరి. క్రింపింగ్ టూలు కావాలని అన్న రెండేళ్లుగా ఇండెంటు పెడుతున్నాడట. ఒళ్లు మండింది నాకు. బ్యానర్లకు డబ్బుంది, ఆ పనిముట్టుకు లేదు. ఆయనది ఔట్‌సోర్సింగ్ ఉద్యోగం. బ్రోషర్‌లో పీహెచ్‌డీలు ఎందరో అచ్చేశారు గాని, అతుకు వేడెక్కితే వేలితో కనిపెట్టే మనిషికి అందులో ఒక్క గడీ లేదు. ఈయన వెళ్లిపోతే ఈ పిల్లలు బ్యాటరీలు మారుస్తూనే ఉంటారు.

"లారీ సెల్ఫ్ తిప్పనీకి గింత సన్న వైరు ఎవడన్న గుంజుతడా?" అంటూ ఆరు స్క్వేర్ వైరు తీశాడు. బ్యాటరీని మోటార్ల పక్కకు జరిపించి పొడవు సగం చేశాడు. తెలిసిన షాపు నుంచి క్రింపింగ్ టూలు ఎరువు తెచ్చి కొత్త లగ్గులు నొక్కాడు. బండి గోడను నెడుతూనే ఉంది, కంట్రోలర్ దీపం కదల్లేదు.

పాత లగ్గును హాక్సాతో నిలువునా కోసి నా ముందు పెట్టాడు. లోపల సగం పోగులు దేన్నీ పట్టుకోకుండా వదులుగా ఉన్నాయి. ఫొటో తీసుకున్నాక దాన్ని జేబులో వేసుకున్నాడు.

"వచ్చే బ్యాచోళ్లకు చూపియ్యాలె."