మా వాడూ, గేరు సైకిళ్లూ, నేనూ

పదో తరగతి పరీక్షలైన దగ్గర్నుంచీ మా వాడిది ఒకటే గొడవ, "అమ్మా, సైకిళ్ల మీద కొండపల్లి ఖిల్లా ఎక్కుదాం" అని. 14వ శతాబ్దంలో రెడ్డిరాజులు కట్టిన కోట, ఎక్కడికీ పోదులే అన్నాను. ఆ ఘాట్ రోడ్డు దిగేటప్పుడు బ్రేకులు నొక్కీ నొక్కీ నా చేతులు పడిపోవూ? పైగా మామిడి సీజను. మెయిన్ రోడ్డు మీద నున్న మార్కెట్టుకెళ్లే లారీలు.

"ముందు తోటల బాట" అని ఒప్పించి, పొద్దున్నే అయిదున్నరకి బయల్దేరదీశాను. ట్రాక్టరు గాడి తప్పి, ఇసుకలో నేనే పడ్డాను! వాడు నవ్వలేదు. వెనక్కొచ్చి నా సీటు కాస్త కిందికి దించాడు.

"పల్లంలో ముందు బ్రేకు ఒక్కసారే పట్టకమ్మా. వెనక్కి జరిగి కూర్చో."

నెల రోజులుగా ఫోను తప్ప లోకం లేదు వాడికి. నాతో ఇన్ని మాటలాడి ఎన్నాళ్లయిందో!

వచ్చే ఆదివారం ఖిల్లాకే. వాళ్ల నాన్నగారికింకా చెప్పలేదు.