నాన్న ఫియట్‌కి అన్నీ మార్చాను.. గేరు రాడ్డు తప్ప!

మార్చి నెలలో ఒక్కసారైనా పొద్దున్నే ఆరింటికి పాల్వంచ నుంచి కిన్నెరసాని రోడ్డు పట్టి చూడండి. ఏసీ ఆపేసి అద్దాలు దించాలి. అప్పుడు తెలుస్తుంది ఇప్పపూల వాసన ఎలా ఉంటుందో. తియ్యగా, కాస్త పులిసినట్టు, కాస్త మత్తుగా. చెట్ల కింద ఊడ్చిన నేల మీద లేత పసుపు పూలు రాలి ఉంటాయి. కోయ ఆడవాళ్లు, పిల్లలు ఎండ ఎక్కకముందే బుట్టల్లోకి ఏరుకుంటుంటారు.

నా బండిలో అయితే ఆపడానికి ఏసీనే లేదు. పాత కార్లకి ముందు తలుపు మూలన చిన్న ముక్కోణం అద్దం ఉంటుంది, చూశారా? దాన్ని లోపలికి తిప్పితే అడవి గాలంతా వచ్చి మొహానికే కొడుతుంది. స్పీడు నలభై, మహా అయితే నలభై ఐదు. తొక్కితే ఇంకా వెళ్తుంది. కానీ వెనక హారన్ కొట్టుకుంటూ వచ్చేవాళ్లకి దారిచ్చి, వాళ్ల దుమ్ము సర్దుకున్నాక మళ్లీ మెల్లగా పోవడంలో ఒక సుఖం ఉంది. అలవాటైతే వదలదు.

బండి 1990 మోడల్ ప్రీమియర్ పద్మిని. మా ఇంట్లో ఎవరూ ఆ పేరుతో పిలవరు. ‘ఫియట్’ అంతే. నంబరు ఏపీ 20, అంటే ఉమ్మడి ఖమ్మం జిల్లా. రాష్ట్రం మారింది, మా కొత్తగూడెమే జిల్లా అయింది, టీఎస్ పోయి టీజీ కూడా వచ్చింది. ప్లేటు మాత్రం అలాగే ఉంది.

ఇన్‌స్టాలో ఫొటో పెడితే వచ్చే మొదటి కామెంట్ ఎప్పుడూ ఒకటే. “బ్రో, ఏం ఇంజిన్ వేశావ్?” ఏమీ వేయలేదు బ్రో. అదే 1089 సీసీ, అదే నలభై గుర్రాలు. అవి కూడా ముసలి గుర్రాలు.

ఈ కారు తెలియనివాళ్ల కోసం ఒక్క ముక్క. ఇటలీ ఫియట్ వాళ్ల 1100 మోడల్‌ని ముంబయి కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ తయారుచేసేది. 1974లో దానికి చిత్తోడ్ రాణి పేరు మీద ‘పద్మిని’ అని పెట్టారు. అంబాసిడర్ లీడర్ల బండి అయితే, ఇది డాక్టర్లది, లెక్చరర్లది, కాస్త జీతం వచ్చే ఇంటిది. స్టీరింగ్ పక్కనే, దాని రాడ్డుకే గేరు ఉంటుంది. దాంతో ముందు సీటు సోఫాలాగా ఒకటే పొడుగు. చిన్నప్పుడు అమ్మానాన్నల మధ్య నా చోటు అదే.

సింగరేణిలో పనిచేసే నాన్న దీన్ని 1996లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. ప్రతి ఏడూ భద్రాచలం, అక్కణ్నుంచి పర్ణశాల. ఎండాకాలంలో ఇంజిన్ వేడికి పెట్రోలు పైపులోనే ఆవిరైపోయి బండి ఆగిపోయేది. నాన్న దిగి, పెట్రోల్ పంపు మీద తడిగుడ్డ వేసి, బీడీ ఒకటి కాల్చేవాడు. బీడీ అయిపోయేసరికి బండి స్టార్టయ్యేది. తడిగుడ్డ వల్లనో బీడీ వల్లనో నాకు చాలాకాలం తెలియలేదు.

2003 ఆగస్టులో అది ఆగింది. నాకప్పుడు తొమ్మిదేళ్లు. పర్ణశాల నుంచి వస్తుంటే వాన. నాన్న లోపలి దారి పట్టాడు. దారిలో ఒక చప్టా మీద మోకాలి లోతున వాగు పారుతోంది. మెల్లగా దాటేశాం. దాటగానే మలుపులో గేదెలు అడ్డొచ్చాయి. నాన్న బ్రేకు తొక్కాడు.

ఈ కారుకి నాలుగు చక్రాలకీ డ్రమ్ బ్రేకులే. డ్రమ్ములోకి నీళ్లు పోతే లోపలి లైనింగ్ జారుతుంది. ఒక చక్రం పట్టి ఇంకోటి పట్టకపోతే బండి పక్కకి లాగేస్తుంది. అందుకే వాగు దాటగానే నాలుగైదుసార్లు మెల్లగా బ్రేకు తొక్కుతూ ఆరబెట్టాలి. ఇది నాన్నకి తెలుసు. నాకు చెప్పిందే ఆయన. ఆ సాయంత్రం చీకటి పడుతోందన్న తొందరలో తొక్కలేదు. బండి కుడివైపు లాగి నల్లమద్ది చెట్టుకి కొట్టింది. సీటు బెల్టులు లేవు. అమ్మకి భుజం దగ్గర ఎముక విరిగింది.

అమ్మ మూడు నెలల్లో కోలుకుంది. నాన్న మాత్రం మళ్లీ స్టీరింగ్ పట్టలేదు. బండి బాగుచేయించి ఇంటి పక్కన పెట్టి టార్పాలిన్ కప్పాడు. దాని మీద వేపాకు రాలేది, పిల్లి పిల్లల్ని పెట్టేది. పదహారేళ్లు.

2019లో ఉద్యోగంలో కాస్త కుదురుకున్నాక, బండి నేను బాగుచేయిస్తానన్నాను. “తూకానికి అమ్మెయ్‌రా” అన్నాడు నాన్న. అంతకుమించి ఒక్క మాట లేదు. ఖమ్మంలో ఒక షెడ్డుకి లాగించాను. మేస్త్రీ బానెట్ ఎత్తి, “దీని ఇంజిన్ పీకేసి డీజిల్ ఇంజిన్ పెడదాం తమ్ముడూ, రాకెట్టే” అన్నాడు. ఆశ పుట్టిందని ఒప్పుకోవాలి. కానీ కంపెనీ ఇచ్చిన రూపాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదని ఆ ఏడాది జనవరిలోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఇంజిన్ మార్చాలంటే ముందే రవాణా శాఖ అనుమతి తీసుకుని ఆర్సీలో ఎక్కించుకోవాలి. లేకపోతే రేపు ఏదైనా అయితే ఇన్సూరెన్స్ వాడు చేతులెత్తేస్తాడు. అదొక కారణం. అసలు కారణం వేరే. ఆగడం రాని బండికి పరుగు నేర్పడం ఎందుకు?

అందుకని డబ్బంతా ఆగడానికే పెట్టాను. ముందు చక్రాలకి మారుతి నుంచి తీసిన డిస్క్ బ్రేకులు, వాటికి సరిపోయే మాస్టర్ సిలిండర్, రేడియల్ టైర్లు, నలుగురికీ బెల్టులు. డైనమో తీసేసి ఆల్టర్నేటర్ పెట్టాం. దాంతో హెడ్‌లైట్లు కొవ్వొత్తుల్లా కాకుండా లైట్లలా వెలుగుతున్నాయి. తడిగుడ్డ బాధ లేకుండా ట్యాంకు దగ్గర ఎలక్ట్రిక్ పెట్రోల్ పంపు వేశాం. సీసం లేని పెట్రోలుకి తట్టుకునేలా వాల్వు సీట్లు మార్పించాం. ఈ మధ్య ఇథనాల్ కలిపిన పెట్రోలు వచ్చాక రబ్బరు పైపులు కూడా కొత్తవి వేయాల్సొచ్చింది. పాత రబ్బరుని అది తినేస్తుంది. పాత బండి ఉన్నవాళ్లు ముందుగా చూసుకోవాల్సింది అదే.

ఏసీ కూడా పెట్టించాను, దాచడమెందుకు. నలభై గుర్రాల్లో కొన్నిటిని అదే తినేసింది. మేలో చిన్న ఎత్తు ఎక్కినా టెంపరేచర్ ముల్లు ఎర్రగీత దాటేది. నెలలో పీకించేశాను. ముప్పైవేలు గోవిందా.

చివరికి గేరు దగ్గర ఆగాం. స్టీరింగ్ గేరు లింకులు అరిగి వదులైపోయాయి. కిందకి మార్చేసి ఫ్లోర్ గేరు పెడితే సుఖమన్నాడు మేస్త్రీ. నేనూ సరేనన్నాను. ఆ రాత్రి అమ్మ ఫోన్ చేసింది. “మీ నాన్న ఓ మాట చెప్పమన్నాడురా. గేరు రాడ్డు ముట్టుకోవద్దంట.” బండి గురించి ఆయన చెప్పిన మొదటి మాట అది. లింకుల బుష్షులు లేత్ మీద కొత్తవి చేయించాను. రాడ్డు ఉన్నచోటే ఉంది.

అయినా నాన్న ఎక్కలేదు. బండి ఇంటికొచ్చాక రెండేళ్లు చూసీ చూడనట్టే తిరిగాడు. నేను ఒక్కణ్నే కిన్నెరసాని పోయేవాణ్ని.

2023 అక్టోబర్ చివర్లో టీవీలో వార్త వచ్చింది. ముంబయిలో ఆఖరి పద్మిని ట్యాక్సీ రోడ్డు దిగిపోతోందని. నాన్న భోంచేస్తూ చూశాడు. చెయ్యి కడుక్కుని వచ్చి, “లీటరుకి ఎంతిస్తోంది?” అన్నాడు. పన్నెండన్నాను. “కార్బురేటర్ సరిగ్గా చూడలేదు” అన్నాడు.

డిసెంబర్లో, మిచౌంగ్ తుపాను వెళ్లిన వారానికి, ముగ్గురం బయల్దేరాం. అమ్మ తనంతట తనే వెనక కూర్చుంది. పాల్వంచలో కేటీపీఎస్ పాత కూలింగ్ టవర్లు అప్పటికి ఇంకా ఉన్నాయి. 2024 ఆగస్టులో కూల్చేశారు. “తిరిగొచ్చేటప్పుడు ఇవి కనబడితే ఇల్లొచ్చినట్టేరా” అన్నాడు నాన్న. జగన్నాథపురం పెద్దమ్మ గుడి దగ్గర నిమ్మకాయలు తొక్కించాం. ఇప్పుడిది జాతీయ రహదారి, లారీల హోరు. సారపాక దాటి, 1965 నాటి గోదావరి వంతెన మీదకొచ్చాకే ఆయన కాస్త వెనక్కి వాలాడు.

రాములవారి దర్శనం చేసుకుని పర్ణశాల వైపు తిరిగితే తమాషా. ఎటపాక వచ్చేసరికి ఫోన్‌లో ‘వెల్‌కమ్ టు ఆంధ్రప్రదేశ్’. 2014లో ఈ పక్క ఊళ్లు ఆంధ్రలో కలిశాయి. కాసేపటికి దుమ్ముగూడెం వైపు మళ్లీ తెలంగాణ. ముప్పై ఐదు కిలోమీటర్ల దారిలో రెండు రాష్ట్రాలు, ఒకటే గోదావరి.

తిరుగు ప్రయాణంలో ఉన్నట్టుండి, “ఎడమకి తిప్పు” అన్నాడు. అర్థమైంది. అద్దంలో చూస్తే అమ్మ చీర కొంగు వేలికి చుట్టుకుంటోంది. ఏమీ అనలేదు. సన్న తారు రోడ్డు, రెండు పక్కలా టేకు, ఎండిన ఆకుల చప్పుడు. చప్టా అలాగే ఉంది. దాని మీద తుపాను నీళ్లు మడమల లోతున, తేటగా పారుతున్నాయి. ఆ చెట్టుందో లేదో నేను చూడలేదు.

సెకండ్ గేరులో దాటాను. అలవాటుగా మెల్లగా బ్రేకు మీద కాలు పెట్టబోయాను.

“మెల్లగా కాదు. గట్టిగా తొక్కు” అన్నాడు.

వెనకా ముందూ ఎవరూ లేరు. తొక్కాను. బండి గీత గీసినట్టు నిటారుగా వెళ్లి ఆగిపోయింది. బెల్టులు బిగుసుకున్నాయి. ఇంజిన్ కూడా ఆగిపోయింది. వాగు చప్పుడొక్కటే.

నాన్న కిటికీలోంచి ముందు చక్రం వైపు చాలాసేపు చూశాడు.

“స్టార్ట్ చెయ్. క్లచ్ నొక్కు.”

నొక్కాను. కుడిచెయ్యి చాపి ఫస్ట్ గేరు ఆయనే వేశాడు. లింకు టక్కున పడింది.

“బుష్షులు ఎక్కడ చేయించావ్?”

“ఖమ్మంలోనే.”

“ఇంక పోనివ్వండి, ఆకలేస్తోంది” అంది అమ్మ వెనక నుంచి.

భద్రాచలం దాకా క్లచ్ నాది, గేరు ఆయనది.