అకిహబరాలో దొరకని 101

టోక్యోలో అకిహబరా స్టేషన్‌లో దిగి ‘ఎలక్ట్రిక్ టౌన్’ అని రాసున్న వైపు బయటికొస్తే, రైలు పట్టాల కిందే ఇరుకిరుకు కొట్లు కనిపిస్తాయి. యుద్ధం తర్వాత రేడియో విడిభాగాల అమ్మకంతో పెరిగిన బజారు ఇది. ఇప్పుడు బొమ్మలు, కార్టూన్ పోస్టర్లదే హడావిడి. పాత గేమ్‌బాయ్‌లు కావాలంటే మాత్రం సందుల్లోకి వెళ్లి మెట్లెక్కాలి. సూపర్ పొటాటో అలాంటి షాపే. గాజు అరల్లో వరసగా పేర్చిన గేమ్‌బాయ్‌లని చూస్తుంటే నాకు అనిపించింది: ఈ మెషీన్ చరిత్రంతా ప్రాసెసర్‌ది కాదు, వెలుతురుది.

1989లో వచ్చిన మొదటి గేమ్‌బాయ్ తెరకి సొంత లైటు లేదు. పచ్చటి తెర మీద నాలుగు ఛాయలు, అంతే. కిటికీ పక్కనో బల్బు కిందో కూర్చుని ఆడాలి. అదే ఏడాది అటారీ లింక్స్ రంగుల తెరతో, లోపల లైటుతో వచ్చింది. కానీ ఆరు పెన్ సెల్స్‌ని నాలుగైదు గంటల్లో తాగేసేది! గేమ్‌బాయ్ నాలుగు సెల్స్‌తోనే అంతకంటే చాలా ఎక్కువసేపు నడిచేది. పాతబడి చవకైన టెక్నాలజీని కొత్తగా వాడాలన్నది నింటెండో ఇంజనీరు గున్‌పేయ్ యొకొయి పద్ధతి. లెక్క సరిగ్గా కుదిరింది.

1996లో చిన్న సైజు ‘పాకెట్’ వచ్చింది. దానికీ లైటు లేదు. 1998లో వచ్చిన ‘గేమ్‌బాయ్ లైట్’కి వెలుతురు ఇచ్చారు గానీ, దాన్ని జపాన్‌లోనే అమ్మారు. 2001లో ‘అడ్వాన్స్’తో ప్రాసెసర్ 32 బిట్‌కి ఎగబాకింది, తెర మళ్లీ చీకట్లోకే పోయింది.

2003లో మడతపెట్టే ‘ఎస్పీ’తో లైటు తిరిగొచ్చింది. అయితే ఆ లైటు తెర వెనక నుంచి కాదు, ముందు వైపు నుంచి పడేది. అందుకే రంగులు కొంచెం వెలిసిపోయినట్టుంటాయి. దీని మోడల్ నంబరు ఏజీఎస్-001. వెనక నుంచి వెలిగే తెరతో ఏజీఎస్-101 వచ్చింది 2005లో. చూడగానే తేడా తెలిసిపోతుంది.

హైదరాబాద్ నుంచి ఫ్రెండ్ ‘ఎస్పీ తీసుకురా, 101 అయితేనే’ అన్నాడు. చిక్కేంటంటే, నింటెండో 101ని జపాన్‌లో అమ్మనే లేదు. ఆ సమయానికి ఇక్కడ ‘మైక్రో’ తెచ్చారు. తెర మెరుపే గానీ, పాత గేమ్‌బాయ్ కార్ట్రిడ్జ్‌లు అందులో పట్టవు. కాబట్టి అకిహబరా అంతా తిరిగినా దొరికే ఎస్పీలు దాదాపు అన్నీ 001లే.

ఎక్కడ కొన్నా వెనక లేబుల్ చూసి ఊరుకోకండి. డబ్బా మార్చేసినవి బోలెడు. తెర కింద మధ్యలో ఉన్న చిన్న లైటు బటన్ నొక్కండి. లైటు పూర్తిగా ఆరిపోతే 001. ఆరకుండా వెలుతురు ఎక్కువ తక్కువ అవుతుంటే 101. ఎండలో ఆడేవాళ్లకి 001 ఏం తీసిపోదు, నన్నడిగితే అదే మేలు.

ఇక ‘జంక్’ అని రాసి తొట్లలో పోసినవి ఉంటాయి. పనిచేస్తాయన్న హామీ ఉండదు, వెనక్కి తీసుకోరు. సెల్స్ పెట్టే మూత తీసి స్ప్రింగులు చూడండి. పచ్చగా తుప్పు పట్టి ఉంటే వదిలేయండి. మొదటి గేమ్‌బాయ్ తెరలో నిలువు గీతలు మాయమైతే మాత్రం భయపడక్కర్లేదు, చాలాసార్లు లోపలి రిబ్బన్ కేబుల్‌ని టంకం ఇనుముతో వేడిచేస్తే తిరిగొస్తాయి.

షాపులో వెండి రంగు ‘లైట్’ ఒకటి ఆన్ చేసి చూపించారు. నీలం, ఆకుపచ్చ కలిసిన పలచటి వెలుగు.