ఒక్క నక్క, ఒక కప్పు కాఫీ

నిజం చెప్పొద్దూ, బొమ్మల మ్యూజియం అంటే నాకు భయం. గోడల నిండా బొమ్మలు, కాళ్ళ నిండా నొప్పులు! కానీ వియన్నాలో వుంటున్న మా అక్క వింటేనా? "ఒరేయ్, సినిమావాడివై వుండి బొమ్మలు చూడనంటావేంట్రా?" అని కున్‌స్ట్‌హిస్టోరిషెస్ మ్యూజియం మెట్ల దగ్గర దింపేసి ఆఫీసుకి వెళ్ళిపోయింది.

సినిమావాణ్ణే! నేను అసిస్టెంట్ డైరెక్టరుగా రెండేళ్ళు చాకిరీ చేసిన సినిమా ఒక శుక్రవారం వచ్చింది, మళ్ళీ శుక్రవారానికి ఎత్తేశారు. కాస్త మనసు తేలికపడుతుందని అక్క టికెట్టు పంపితే వచ్చానన్నమాట.

1891లో తెరిచిన ఆ భవనం లోపల పాలరాతి మెట్లు, బంగారు పూతలు, పైన గుమ్మటం... మన భారీ సెట్టింగులు ఏ మూలకి! మొదటి గంట తిరుమల క్యూలోలా "జరగండి జరగండి" అని నన్ను నేనే తోసుకుంటూ నడిచాను. పదో గదిలో కాళ్ళు ఆగిపోయాయి.

బ్రూగెల్ 1565లో చెక్కపలక మీద వేసిన 'మంచులో వేటగాళ్ళు'. ఈ బొమ్మ నాకు తెలుసు! తార్కోవ్‌స్కీ 'సొలారిస్' (1972)లో కెమెరా నింపాదిగా తిరిగేది దీని మీదే. ఫిలిం క్లబ్బులో సరిగ్గా అక్కడే నేను హాయిగా నిద్రపోయాను! ఈసారి ఎదురుగా బెంచీ మీద కూర్చున్నాను.

ముగ్గురు వేటగాళ్ళు. వీపులు మనవైపు. వెనకే తలలు వేలాడేసుకుని కుక్కలు. ఇంత పటాలం వేటకెళ్తే దక్కిందేమిటో తెలుసా? ఒకడి భుజాన వేలాడుతున్న ఒకే ఒక్క నక్క! నాకు నవ్వొచ్చింది. ఆ వెంటనే గొంతుకేదో అడ్డం పడింది. రెండేళ్ళ వేట, వారం రోజుల ఆట. ఆ వీపు నాదే!

ముఖాలు చూపించకుండానే ఓటమిని చూపించాడు మహానుభావుడు. మేమైతే క్లోజప్పు పెట్టి వయొలిన్లు వాయించేవాళ్ళం! పైగా అక్కడితో ఆగలేదు. పూటకూళ్ళ ఇంటి ముందు మంట. కొండ కింద గడ్డకట్టిన చెరువుల మీద చీమల్లా జారుతూ ఆడుకుంటున్న జనం. వేట దక్కకపోయినా వూరు వూరుగానే వుంది. వీళ్ళు దిగి వెళ్తున్నది ఆ వూళ్ళోకే.

సాయంత్రం అక్క కేఫ్ స్పెర్ల్‌కి తీసుకెళ్ళింది. 1880 నాటిది. 'బిఫోర్ సన్‌రైజ్' (1995)లో హీరో హీరోయిన్లు చేతులే ఫోన్లుగా ఉత్తుత్తి కబుర్లాడే సీను తీసింది ఇక్కడే. పాలరాతి బల్లలు, ఓ పక్క బిలియర్డ్స్. నురగ కట్టిన పాల కాఫీ 'మెలాంజ్' చిన్న పళ్ళెంలో వచ్చింది, పక్కన గ్లాసుడు మంచినీళ్ళతో. ఒక్క కప్పుతో గంటలు కూర్చున్నా ఎవరూ లేవమనరు. బిల్లు మనం అడగాల్సిందే! ఈ కాఫీహౌస్ సంస్కృతిని 2011లో ఆస్ట్రియా తన వారసత్వ జాబితాలో చేర్చుకున్నదంటే చేర్చుకోదూ మరి!

"ఏం చూశావురా?"

"ఒక్క బొమ్మ."

"వందలున్నాయి కదరా!"

"వందా చూసుంటే ఇంకా క్యూలోనే వుండేవాణ్ణక్కా."

జేబులోంచి కాగితం తీశాను. చాన్నాళ్ళుగా మూలపడేసిన నా కథలో హీరో ఓడిపోయి ఇంటికొచ్చే సీను. ఈసారి వెనకనుంచి రాశాను. దూరంగా వీధిలో పిల్లలు గోళీలాడుతున్నారు.

మీరెప్పుడైనా వియన్నా వెళ్తే, పదో గదిలో ఆ నక్కని నేనడిగానని చెప్పండేం!